ఎవరి గడియారం?

1980-81లో మన రైల్వేల్లో ఒక బ్రాడ్‌గేజ్ వ్యాగన్‌కి, ఒకసారి సరుకు ఎక్కాక మళ్లీ సరుకు ఎక్కడానికి సగటున పదిహేను రోజులు పట్టేది. రైల్వే లెక్కల్లో దీన్ని వ్యాగన్ టర్న్‌రౌండ్ అంటారు. ఆ పదిహేను రోజుల్లో అది పరిగెత్తింది తక్కువ, పడిగాపులు పడింది ఎక్కువ. పడిగాపులు పడే చోటు యార్డు. అలాంటి ఒక యార్డు పక్కన రైల్వే క్వార్టర్లలో నేను పెరిగాను. ఊరు చరోదా. భిలాయి ఉక్కు కర్మాగారం నుంచి రాయ్‌పూర్ వైపు వస్తుంటే తగులుతుంది. మునిసిపాలిటీ కాగితాల మీదే అది చరోదా. రైల్వే వాళ్ల నోట ఎప్పుడూ బీఎంవై, అంటే భిలాయి మార్షలింగ్ యార్డు.

ఇప్పుడు నేను చేసే ఉద్యోగానికి యార్డులతో సంబంధం లేదు. వేరేవాళ్లు గీసిన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్‌ని, కోడు రాయకముందే కూర్చుని పరీక్షించడం నా పని. (కోడు రాయకముందే అన్నది మాటవరసకు. సగం రాసేసి, ఎక్కడో ముడిపడ్డాకే పిలుస్తారు.) ఆ గదిలో నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "డిజైన్ బాగుందాండీ?" దానికి అవుననీ కాదనీ చెప్పలేకపోవడమే నా వృత్తి. ఈ సంగతి నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు. యార్డు నేర్పింది.

పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వైపు నుంచి మావాళ్లు చరోదాకి పట్టాల వెంబడే వచ్చారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన రాయ్‌పూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది. ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్... ఆ రైల్వే ఊళ్లలో ఎక్కడికి వెళ్లినా తెలుగిళ్లు కనబడతాయి. తర్వాత 1955 ఫిబ్రవరిలో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరిలో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైంది. దానికి దల్లీ రాజహరా నుంచి ఇనుప ఖనిజం, నందిని నుంచి సున్నపురాయి, తూర్పు గనుల నుంచి బొగ్గు ఆగకుండా రావాలి. తయారైన పట్టాలు, కడ్డీలు దేశం నలుమూలలకీ పోవాలి. ఈ రాకపోకలన్నిటినీ విడదీసి, మళ్లీ కలిపి పంపడానికి పెట్టిందే బీఎంవై.

మార్షలింగ్ యార్డు పని చూడనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఒక గూడ్సుబండి వచ్చి ఆగుతుంది. అందులో మూడు వ్యాగన్లు వాల్తేరుకి, ఒకటి నాగ్‌పూర్‌కి, పది కర్మాగారానికి, మిగతావి ఎక్కడెక్కడికో. ఇంజను బండిని వెనక్కి నెడుతుంది. పాయింట్స్‌మన్ కప్లింగు విప్పుతాడు. దారి మారుస్తారు, ఆ వ్యాగన్ తన లైనులోకి పోతుంది. హంపు ఉన్న యార్డుల్లోనైతే చిన్న దిబ్బ మీదికి తోసి వదిలేస్తారు. తన బరువుకి తనే దిగిపోతుంది. కింద ఒకడు పట్టా మీద ఇనుప స్కిడ్ పెట్టి దాన్ని ఆపాలి. వానలో, చలిలో, రాత్రి రెండు గంటలప్పుడు కూడా. ఒక్కో దిక్కుకి సరిపడా వ్యాగన్లు పోగయ్యాక కొత్త బండి కడతారు. అది బయలుదేరి తరవాతి పెద్ద యార్డు చేరుతుంది. అక్కడ మళ్లీ విప్పుతారు.

మా నాన్న ట్రైన్స్ క్లర్కు. టీఎన్‌సీ అనేవారు. వచ్చిన బండి పొడవునా నడిచి వ్యాగన్ నంబర్లు రాసుకోవడం ఆయన డ్యూటీ. ఎడమ చేతిలో టార్చి, చంకలో ప్యాడు. నంబరు మీద బొగ్గు మసి పట్టి ఉంటే అరచేత్తో తుడిచి చదివేవాడు. బట్టలుతికే రోజున ఆయన చొక్కా కుడి చేతి అంచుకి అమ్మ వేరుగా సబ్బు రుద్దేది. నంబర్లో ఒక్క అంకె తప్పు పడితే ఆ వ్యాగన్ కాగితాల్లో ఒకచోట, పట్టాల మీద మరోచోట ఉంటుంది. దాని కాగితాలు దాన్ని వెతుక్కుంటూ వేరే బండిలో పోతాయి.

ఇప్పుడు చెప్పండి, ఇది మంచి డిజైనా?

ఒక రకంగా దీన్ని మించింది లేదు. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కైనా, ఎవరైనా సరే, ఒక్క వ్యాగన్ సరుకు పంపుకోవచ్చు. చిన్న నూనె మిల్లు వాడికీ, ఉప్పు వ్యాపారికీ, ఉక్కు కర్మాగారానికీ ఒకటే ఏర్పాటు. కొత్త ఊరు కలపాలంటే యార్డులో ఒక లైను కేటాయిస్తే చాలు. మా భాషలో దీన్ని ఫ్లెక్సిబిలిటీ అంటాం, స్లైడు మీద పెద్దక్షరాల్లో వేస్తాం. ఇంకో రకంగా చూస్తే అంత నెమ్మదైన ఏర్పాటు ఇంకోటి లేదు. దారిలో ఉన్న ప్రతి యార్డులోనూ వ్యాగన్ వంతు కోసం ఆగాలి. పంపినవాడికి అది ఎక్కడుందో తెలీదు, ఎప్పుడు చేరుతుందో అసలే తెలీదు.

ఎనభైల మొదట్లో రైల్వే ఇంకో దారి పట్టింది. బండిని విప్పడమే మానేద్దామన్నారు. గని దగ్గర నింపిన రేకు (ఒకటిగా కట్టిన వ్యాగన్ల వరస) మొత్తం ఒకే చోటికి, మధ్యలో ఏ యార్డులోనూ విడిపోకుండా పోవాలి. బొగ్గుకీ ఖనిజానికీ 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల రేకు అలవాటైన కొలత అయింది. ఫలితం అంకెల్లో కనబడింది. టర్న్‌రౌండ్ 1990-91 నాటికి పదకొండున్నర రోజులకి, 2000-01 నాటికి ఏడున్నర రోజులకి, 2010-11 నాటికి సుమారు అయిదు రోజులకి దిగింది. ఒక్కో వ్యాగన్ మూడింతల సార్లు సరుకు ఎక్కించుకున్నట్టు లెక్క.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఈ అంకెల్లో అప్పటికి వచ్చినవాటిని కాగితం మీద రాసి నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా చదివాడు. నంబర్లు చదవడం ఆయనకి వృత్తి కదా.

"బాగైందన్నమాట. ఎవలికిరా?" అన్నాడు.

"అందరికీ, నాన్నా. రైల్వేకి."

"ఒక్క వ్యాగనోడు ఏటయ్యాడు మరి? లారీ ఎక్కాడు. వ్యాగన్ ఎన్ని రోజులకి తిరిగొచ్చిందో లెక్కెట్టారు. సరుకోడు ఎన్ని రోజులు ఎదురుచూశాడో ఎవలు లెక్కెట్టారు?"

ఆయన మాటలో సగమే నిజం ఉంది. రేకుల పద్ధతి రాకపోతే బొగ్గు అందక ఎన్ని కరెంటు కేంద్రాలు ఆగేవో. కానీ ఆ సగం మాత్రం నిజమే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకు రవాణాలో సింహభాగం రైలుదే. ఇప్పుడది మూడో వంతు కూడా లేదు. విడి సరుకులు రోడ్డు మీదికి పోయాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి, రేకు ఒక్కటే కాదు. అయితే టర్న్‌రౌండ్ అనే కొలతలో ఈ నష్టం కనబడే వీల్లేదు. అది వ్యాగన్ గడియారం. రైలు ఎక్కడం మానేసినవాడి సమయం అందులో నమోదు కాదు.

నాన్న అడిగిన ప్రశ్ననే పద్ధతిగా, పట్టికలు వేసి అడిగే విధానం ఒకటుందని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. అదీ ఒక ఉక్కు ఊళ్లోనే పుట్టింది. పిట్స్‌బర్గ్‌లో ఆండ్రూ కార్నెగీ ఉక్కు సొమ్ముతో మొదలైన విద్యాలయమే నేటి కార్నెగీ మెలన్. ఆ విశ్వవిద్యాలయంలో 1984లో పెట్టిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి రిక్ కాజ్‌మన్, మార్క్ క్లీన్, పాల్ క్లెమెంట్స్ 2000లో ఒక నివేదిక తెచ్చారు. ఆ విధానం పేరు ఆర్కిటెక్చర్ ట్రేడాఫ్ అనాలిసిస్ మెథడ్, పొట్టిగా ఏటామ్.

దాని పద్ధతి పైకి చూస్తే చాలా మామూలుగా ఉంటుంది. సిస్టమ్‌తో పని పడేవాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెడతారు: డబ్బు పెట్టేవాళ్లు, కట్టేవాళ్లు, నడిపేవాళ్లు, వాడేవాళ్లు, రేపు రిపేరు చేయాల్సినవాళ్లు. వేగం, భద్రత, మార్పుకి వీలు లాంటి పెద్ద మాటల్ని ఎవరైనా పలికితే అక్కడే ఆపుతారు. ఆ మాటని ఒక సన్నివేశంగా విడదీయమంటారు. ఎవరి వల్ల, ఏం జరిగింది, సిస్టమ్‌లో ఏ భాగానికి, ఎలాంటి పరిస్థితుల్లో, అది ఏం చేయాలి, చేసిందని దేంతో కొలుస్తాం. ఆరు గళ్లు. ఒక్కో సన్నివేశానికి రెండు గుర్తులు వేస్తారు. ఎంత ముఖ్యం, సాధించడం ఎంత కష్టం. రెండూ ఎక్కువైన వాటిని పట్టుకుని డిజైను మీద నడిపించి చూస్తారు. చివర్లో పాసు, ఫెయిలు ఉండవు, మార్కులూ ఉండవు. ఎక్కడ ప్రమాదం ఉంది, ఏ నిర్ణయాన్ని కొంచెం కదిపితే ఒక గుణం పెరిగి ఇంకోటి తగ్గుతుంది అన్న జాబితా మాత్రం మిగులుతుంది.

నాణ్యత గుణాలకి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 25010. 2011లో ఎనిమిది గుణాలు చెప్పింది, 2023లో తొమ్మిది చేసింది. కొత్తగా చేరిన తొమ్మిదోది సేఫ్టీ. స్కిడ్ పెట్టే మనిషిని అడిగి ఉంటే మొదటి కూర్పులోనే చేర్చేవాళ్లు. ఆ సంగతలా ఉంచితే, ఇలాంటి జాబితాలతో నాకున్న పేచీ ఒకటే. కాగితం మీద ఆ తొమ్మిదీ అన్నదమ్ముల్లా వరసగా కూర్చుంటాయి. సిస్టమ్‌లోకి దిగాక ఆస్తి పంపకాలు మొదలవుతాయి.

ఒక సంస్థలో (పేరు అనవసరం) గోదాముల్లో సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించాం. గుణాల పేర్లు రాసి ముఖ్యమైన వాటికి గుర్తు పెట్టమంటే మేనేజర్లు అన్నిటికీ "చాలా ముఖ్యం" అనే పెట్టారు. ఇది మామూలే. అన్నీ ముఖ్యం అన్నవాడు ఇంకా ఏదీ ఎంచుకోలేదని అర్థం. పూటంతా అలాగే గడిచింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అప్పటిదాకా ఒక మూల కూర్చున్న గోదాము గుమస్తా నోరు విప్పాడు. "రాత్రిపూట మా దగ్గర నెట్ పోద్ది సార్. అప్పుడు చీటీల మీద రాసుకుంటాం. పొద్దున్నే ఎక్కిస్తాం. ఈలోపు హెడ్డాఫీసు వాళ్లు ఆ సరుకే ఇంకొకళ్లకి అమ్మేస్తారు."

అంతే, గది కాస్త తెలివిలోకి వచ్చింది. ఆయన చెప్పిందాన్ని ఆరు గళ్లలో పెట్టాం. డిజైన్లో గోదాము కంప్యూటరు సరుకు లెక్కల నకలు ఒకటి తన దగ్గర ఉంచుకుంటోంది. నెట్ లేకపోయినా ఆ నకలు చూసి ఎంతసేపు పని సాగనివ్వాలి? పది నిమిషాలే అంటే హెడ్డాఫీసు లెక్క నిక్కచ్చిగా ఉంటుంది, గోదాము మాత్రం రాత్రంతా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. పన్నెండు గంటలు అంటే గోదాము ఆగదు, కానీ ఒకే సరుకు ఇద్దరికి అమ్ముడుపోతుంది. ఎక్కడో కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉన్న ఒక్క అంకె. దాన్ని ఒక కుర్రాడు ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి ముప్పై అని పెట్టాడు. రెండు గుణాల తగువు ఆ ముప్పైలో దాగి ఉంది. ఆ గుమస్తాని పిలవకపోయి ఉంటే అది అక్కడే ఉండేది. అందుకే నా మట్టుకు ఏటామ్‌లో అసలు పని పట్టికల్లో జరగదు, ఎవరిని పిలవాలో రాసే మొదటి జాబితాలో జరుగుతుంది. కన్సల్టెంట్లు ఆ జాబితా సంగతి తొందరగా తేల్చేసి పట్టికలకి రంగులు వేస్తారు.

ఇలాంటిదే ఒక పరీక్ష నాన్న ఇంట్లో చేశాడు, ఏటామ్ పేరు వినకుండానే. రైల్వే సరుకు బండ్ల లెక్కంతా ఫోయిస్ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి పోయాక వ్యాగన్ నంబరు పదకొండు అంకెలది అయింది. మొదటి రెండూ వ్యాగన్ రకం, తరవాతి రెండూ ఏ రైల్వేదో, ఆ తరవాత తయారైన సంవత్సరం, నాలుగంకెల వరస నంబరు. పదకొండో అంకె మాత్రం దేన్నీ చెప్పదు, మిగతా పదింటిని కాపలా కాస్తుంది. ఉదాహరణకి పది అంకెలు 1208073457 అనుకోండి. సరి స్థానాల్లోవి 2, 8, 7, 4, 7 కలిపితే 28. దాన్ని మూడింతలు చేస్తే 84. బేసి స్థానాల్లోవి 1, 0, 0, 3, 5 కలిపితే 9. మొత్తం 93. పైనున్న పదుల సంఖ్య 100కి ఇంకా 7 కావాలి. ఆ ఏడే పదకొండో అంకె. టైపు చేసేటప్పుడు ఏ ఒక్క అంకె తప్పు కొట్టినా ఈ లెక్క పొసగదు, కంప్యూటరు తీసుకోదు.

నాన్న నోటుబుక్కులో నాలుగైదు నంబర్లు వేసి చూశాడు. సంతోషించాడు. తరవాత అసలు మనిషి బయటికొచ్చాడు.

"సరే, తప్పు అంకె దొరుకుద్ది. చలికి చెయ్యి వణికి పక్కపక్క అంకెలు తారుమారు రాస్తే?"

అదీ చూశాం. తారుమారైతే మొత్తం ఆ రెండంకెల తేడాకి రెట్టింపు మారుతుంది. తేడా అయిదైతే మార్పు సరిగ్గా పది. అంటే, ఉదాహరణకి, 2, 7 గానీ 4, 9 గానీ పక్కపక్కన ఉండి అటూ ఇటూ అయితే కాపలా అంకెకి తెలియదు. ఇంకో అంకె కలిపితే అదీ దొరికేది, కానీ దేశంలో ఉన్న ప్రతి వ్యాగన్ మీదా ఇంకో అంకె రాయాలి, ఇంకో అంకె చదవాలి, ఇంకో అంకె కొట్టాలి. ఎక్కువగా జరిగే తప్పుని పట్టుకుంటే చాలనుకుని ఉంటారు. నాన్నకి అది లోపంగా తోచలేదు. "అయితే రెండూ ఏడూ పక్కనుంటే రెండుసార్లు సూసుకోవాల" అన్నాడు. ఒక రివ్యూ నుంచి నేను ఆశించేది ఇంతే. నా నివేదికల్లో ఇదే సంగతికి నలభై పేజీలు పడుతుంది.

సరుకు సంగతి వదిలి మనుషుల దగ్గరికి వస్తే, మన దేశంలో ఎంతోమంది వాడిన ఆర్కిటెక్చర్ రైల్వే రిజర్వేషన్‌ది. 1985-86లో ఢిల్లీలో సీఎంసీ కంపెనీ తయారుచేసిన సిస్టమ్‌తో మొదలైంది. తరవాత ఒక్కో మహానగరంలో ఒక్కోటి వచ్చింది, కానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. తొంభైల్లో రైల్వేకి చెందిన క్రిస్ సంస్థ కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ రాసి, సికిందరాబాద్‌లో మొదట పెట్టి, 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికిందరాబాద్ కేంద్రాలను కలిపింది. ఒక్కో కేంద్రం తన ప్రాంతపు రైళ్ల లెక్క తన దగ్గరే ఉంచుకుంటుంది. మధ్యలో లైను తెగిపోతే ఇతర ప్రాంతాల టికెట్లు ఆగుతాయి గానీ, తన రైళ్ల అమ్మకం సాగుతూనే ఉంటుంది. టెలిఫోన్ లైన్లని నమ్మలేని కాలానికి అది చక్కటి నిర్ణయం. వేగం కొంత తగ్గినా ఒకే బెర్తు ఇద్దరికి పోకూడదన్నది దానికి ప్రాణం.

ఆ డిజైన్లో ఎవరూ కాగితం మీద రాయని సన్నివేశం ఒకటుంది. ఎంతమంది ఎగబడినా ఒకేసారి అడగగలిగేది కౌంటర్లు ఎన్నున్నాయో అంతమందే. మిగతా జనం బయట క్యూలో, పొద్దున నాలుగింటికే చెప్పులు వరసలో పెట్టి ఉండేవాళ్లు. ఆ క్యూని మోసింది ఫుట్‌పాతు, సర్వరు కాదు. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటు వచ్చాక ఫుట్‌పాతు క్యూ సర్వరు లోపలికి వచ్చేసింది. పొద్దున పది గంటలకి ఏసీ తత్కాల్, పదకొండుకి స్లీపర్ తత్కాల్. తత్కాల్ తెరుచుకునే నిమిషంలో తగిలే దెబ్బకి తట్టుకోవడానికి 2014లో నిమిషానికి రెండు వేల టికెట్ల సామర్థ్యాన్ని 7,200కి పెంచారు. 2025లో రైల్వే శాఖ చెప్పిన లెక్క ప్రకారం, నిమిషానికి 32 వేల టికెట్లు ఇవ్వగల వ్యవస్థ స్థానంలో లక్షన్నరకి పైగా ఇచ్చే కొత్తది అప్పటికి కడుతున్నారు.

ఇంజనీరుగా ఆ అంకె చూస్తే నాకూ ముచ్చటే. చరోదాలో ఉండే మా పిన్నికి చెప్పాను. సంక్రాంతికి పార్వతీపురం వెళ్లాలంటే ఆవిడకి ఏటేటా ఇదే తతంగం.

"లక్షన్నరా! మరి బెర్తులో?" అంది.

బెర్తులు అవే. నిమిషంలో అయిపోయేవి ఇక పది సెకన్లలో అయిపోతాయి. ఈ మాట కొంత అన్యాయమని నాకూ తెలుసు. సైటు పడిపోకుండా నిలబడటం, గిరగిర తిరిగే గుర్తు చూస్తూ కూర్చోనక్కర్లేకపోవడం చిన్న మేలేమీ కాదు. అయినా ఆవిడ సన్నివేశాన్ని ఆరు గళ్లలో రాయబోతే చివరి గడి దగ్గర ఆగాను. నిమిషానికి ఎన్ని టికెట్లన్నది ఆవిడ కొలత కాదు. ఆవిడకి దొరికితే మంచిదే, దొరక్కపోతే ఆ ముక్క తొందరగా తెలియాలి. "లేదంటే లేదని ముందే చెప్తే బస్సైనా చూసుకుంటాం కదా. స్టేషన్‌కెళ్లే దాకా వెయిటింగనే ఉంటాది."

2025 జులైలో ఆ కొలతకి నిజంగా పనికొచ్చే మార్పు ఒకటి జరిగింది. అప్పటిదాకా బండి బయలుదేరడానికి నాలుగు గంటల ముందు వేసే రిజర్వేషన్ చార్టుని ఎనిమిది గంటల ముందు వేయాలని రైల్వే నిర్ణయించింది. మధ్యాహ్నం రెండింటి లోపు బయలుదేరే బండ్లకి ముందు రోజు రాత్రి తొమ్మిదింటికే వేయాలంది. దుర్గ్ నుంచి విశాఖకి 2024 సెప్టెంబరులో మొదలైన వందే భారత్ తెల్లవారే వేళ బయలుదేరుతుంది, పార్వతీపురంలో ఆగుతుంది. అంటే దాంట్లో టికెట్ తీస్తే మా పిన్ని లెక్క రాత్రే తేలిపోతుంది. లక్షన్నర అంకె నేను చూసిన పత్రికలో పతాక శీర్షికయింది, చార్టు సంగతి లోపలి పేజీకి పోయింది. పిన్నికి చెప్తే మొదట నమ్మలేదు. నమ్మాక అడిగింది:

"రాత్రే తెలిసిపోతే పిల్లల్ని మూడింటికి లేపక్కర్లేదన్నమాట. ఇది మొదట్నుంచీ ఎందుకు చెయ్యలేదంట?"